చేయని తప్పునకు శాస్తి

ఒక యింట దొంగతనము జరిగిన మరునాటి యుదయమున ఆ యింటి వాకిట నిలిచి వినుడు. పరామర్శకు వచ్చువారి ప్రశ్నలన్నియు నొక్కతీరుననే యుండును. గడియ సరిగా వేసితిరా? బీరువా తాళపుచెవి యెక్కడ బెట్టితిరి? అంత బంగారము నింటిలో నేల యుంచుకొంటిరి? ఊరికి బోవునపుడు పొరుగువారితో నొక్కమాట చెప్పవలదా? ఇన్ని ప్రశ్నలలో దొంగను గుఱించిన ప్రశ్న యొక్కటియు నుండదు. ఇంతకంటెను వింత మఱియొకటి కలదు. సొత్తు పోగొట్టుకొనిన యిల్లాలు, వీరెవ్వరును రాకమునుపే, ఇంకను తెల్లవాఱకమునుపే, ఈ ప్రశ్నల నన్నింటిని తన్ను దానే యడిగికొని, అన్నిటికిని ‘తప్పు నాదే’ యని యుత్తరము చెప్పుకొని కూర్చుండును. అపహరించినవాడు ఆ వేళకు ఎచ్చటనో హాయిగా నిద్రించుచుండును.

ఆకు వచ్చి ముల్లుమీద బడినను, ముల్లు వచ్చి ఆకుమీద బడినను చిరుగునది ఆకే యని మన పెద్దలు చెప్పుదురు. చిరుగుట మాట నిజమే. కాని బుద్ధి యెఱిగిన నాటినుండియు మేమీ సామెతను ఆకునకు చెప్పగా వింటిమేగాని, ముల్లును కూర్చుండబెట్టి చెప్పగా నెన్నడును వినలేదు. ఏండ్ల తరబడి విని విని, తుదకు ఆకు తానే పోయి ముల్లుపై బడితినని నమ్మజొచ్చును.

మేము వ్రాయదలచినది ఈ నమ్మకమును గుఱించియే. నేరమునకు గుఱియైన మనిషి ఆ నేరమును తనమీద వేసికొనుట యొక వింత. అంతటితో నాగక, దానికి దగిన శిక్షకూడ తనకు గావలయునని కోరుకొనుట మఱింత వింత. ‘నాకీ శాస్తి కావలసినదే’ యను మాట మన యిండ్లలో నెన్నిమాఱులు వినబడుచుండలేదు! తప్పు చేసినవారు దేవుని పటము ముందు నిలిచి చెంపలు వేసికొందురు. అది మనకు చిన్ననాటి యలవాటు, మంచి యలవాటే. కాని గొలుసు తెంపుకొని పోయినవాడు వేసికొనవలసిన చెంపలను గొలుసు పోయిన యామె వేసికొనుచుండగా చూచి యూరకుండుట మాకు సాధ్యము కాకున్నది.

మా వీథిలో నొక విశ్రాంతోపాధ్యాయిని యున్నారు. ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినవారు. ఇంటి జమాఖర్చులలో నొక్క పైసా తేడా రానీయని మనిషి. ఒక వేసవిలో ఆమెకు ఫోను వచ్చినది. ఆమె పేర విదేశమునకు బోవు పార్సెలులో మత్తుపదార్థములు దొరకినవట. ఆమె ఆధారు సంఖ్యతో నెవరో బ్యాంకు ఖాతా తెఱచి దొంగసొమ్ము నడిపిరట. అంతట ఫోను తెరమీద పోలీసు దుస్తులు ధరించినవాడొకడు కనబడి, ‘మీరు డిజిటల్ అరెస్టులో నున్నారు, గది విడిచి కదలరాదు, ఇంటివారితో చెప్పితిరా, వారిని గూడ పట్టుకొందుము’ అని బెదరించెను. ఆమె రెండుదినములు తలుపు గడియ వేసికొని, తిండి నిద్రలు లేక, ఆ తెరయెదుట గూర్చుండిరి. మూడవనాటికి పదవీవిరమణమున వచ్చిన సొమ్ములో పెద్దభాగము వారు చెప్పిన ఖాతాలలోనికి వెడలిపోయినది.

మన దేశపు చట్టములలో డిజిటల్ అరెస్టు అనునది లేనేలేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే ఆకాశవాణి ప్రసంగమున దేశప్రజల నీ విషయమున హెచ్చరింపవలసి వచ్చినది. ఈ మోసగాండ్ర పద్ధతిని కొంచెము నిదానించి చూడుడు. లాటరీ మోసములలో మనిషి యాశను పట్టి లాగుదురు. ఇందులో ఆశ చూపుట లేదు. ‘నీవు నేరము చేసితివి’ అని చెప్పుటతోనే పని ప్రారంభించుదురు. ఏమియు నెఱుగని మనిషి ఆ మాట విని నవ్వి ఫోను పెట్టివేయవలయును గదా! అట్లు జరుగుటలేదు. మనలో ననేకుల హృదయములలో నేరారోపణమునకై యొక పీట ముందుగానే వేసియుండును. వచ్చినవాడు దానిమీద గూర్చుండుటయే తరువాయి. నెమ్మదిగా, చట్టమునకు లోబడి, ఒరులచేత మాటపడకుండ బ్రదికినవారి హృదయములలో ఆ పీట మఱింత దగ్గఱగా వేసియుండునని మా యనుమానము.

సొమ్ము పోయిన తరువాత జరిగినది మాకింకను బాధాకరముగ దోచినది. ఆమె పందొమ్మిది దినములు ఎవ్వరితోడను చెప్పలేదు. ఉదయము కాఫీ మానిరి. ఒంటిపూట భోజనము మొదలుపెట్టిరి. మంచము విడిచి నేలమీద పరుండిరి. మే నెల యెండలలో పంకా వేసికొనుట మానిరి. ఏదో వ్రతము పట్టిరని కోడలనుకొనెను. సంగతి బయటపడిన నాడు కుమారుడు కేకలు వేసెను. ‘లెక్కల పంతులమ్మవు గదా, ఇంత తెలివితక్కువ పని యెట్లు చేసితివి?’ అని యేమేమో యనెను. ఆ రాత్రి ఆమె సుఖముగా నిద్రించిరి. మరునాడు కోడలు మాయింటికి వచ్చి, ‘పిన్నిగారూ, ఆయన కోపపడినదే మంచిదయినదండీ. ఇన్నాళ్లకు అత్తయ్యగారికి కన్ను మూతపడినది’ అని చెప్పెను. తిట్టు మందువలె పనిచేసినదని వారి తాత్పర్యము. మందు పనిచేసినది గనుక మరునాడు కూడ నొక మోతాదు వేసిరి. ఆ మరునాడును అంతే.

తిట్టిన రాత్రి నిద్ర యేల పట్టెను? దీనికి సమాధానము దొరకునట్టి పరీక్ష యొకటి 2011లో ప్రకటింపబడినది. ఆస్ట్రేలియా దేశమున బ్రాక్ బాస్టియన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును కొందఱు యువజనులచేత, తా మొకరిని త్రోసిపుచ్చి నొప్పించిన సందర్భమును జ్ఞప్తికి దెచ్చుకొని వ్రాయించిరి. మఱికొందఱిచేత మామూలు సంగతి వ్రాయించిరి. పిదప మంచునీటిలో చేయి యుంచుమనిరి. తమ తప్పును దలచుకొనినవారు తక్కినవారికంటె నెక్కువసేపు ఆ చలిని సహించిరి. చేయి తీసిన తరువాత వారి మనోభారము తగ్గెను. గోరువెచ్చని నీటిలో చేయి యుంచినవారికి అంతగా తగ్గలేదు. నొప్పి ఋణమును దీర్చినట్లు మనస్సు భావించునన్నమాట. మన ముపవాసములు, గుంజిళ్లు, మోకాళ్లమీద మెట్లెక్కుట యెఱిగినవారము గనుక ఇది మనకు క్రొత్త సంగతి కాదు.

అయితే ఇందొక చిక్కు గలదు. ఆ పరీక్షలో చేయి యుంచినవారు నిజముగా నొకరిని నొప్పించినవారు. ఋణమున్నవాడు ఋణము దీర్చి పత్రము చింపివేసికొనును. ఋణమే లేనివాడు ఏ పత్రమును చింపగలడు? నేరమునకు గుఱియైన మనిషి తన్ను దాను దండించుకొనుట లేని యప్పునకు వడ్డీ కట్టుట వంటిది. కట్టిన నాడు కొంత నెమ్మది గలుగును. అసలు లేదు గనుక అది తీరుట యనునది లేదు. మరునాటి యుదయమున మరల వడ్డీ. మా పొరుగింటి యుపాధ్యాయిని పందొమ్మిది దినములు కట్టినది ఈ వడ్డీయే. తరువాత దాని వసూలుబాధ్యతను కుమారుడు పుచ్చుకొనెను. ఇచ్చట లోకవ్యవహారపు మాట యొకటి చెప్పి ముందునకు బోయెదము. ఇట్టి మోసము జరిగిన వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో, సొమ్ము చేతులు మాఱకమునుపు బ్యాంకులు దానిని నిలుపు నవకాశమున్నది. గంటలలో చేయవలసిన పని యిది. ఆమె తన్ను దాను దండించుకొనుచు గడపిన పందొమ్మిది దినములు పూర్తిగా దొంగకు లాభించినవి.

ఈ వ్యాధి మన కాలమున బుట్టినది కాదు. రోమునగరపు పురాచరిత్రలో లుక్రీషియా యను కులస్త్రీ కథ యున్నది. క్రీ.పూ. 510 ప్రాంతమున జరిగినదని వాడుక. లివీ యను చరిత్రకారుడు దీనిని వివరముగా వ్రాసెను. రాజకుమారుడు సెక్స్‌టస్ టార్క్విన్ అతిథివలె ఆమె యింటికి వచ్చి, రాత్రి కత్తితో ఆమె గదిలోనికి జొరబడెను. చంపుదునన్నను ఆమె లొంగలేదు. అపు డతడు, ఆమెను జంపి ప్రక్కను ఒక బానిస శవమును బడవైచి, వ్యభిచరించుచు దొరకినందున చంపితినని లోకమునకు చెప్పుదునని బెదరించెను. ప్రాణమునకు వెఱవనియామె అపకీర్తికి వెఱచెను. మరునాడు తండ్రిని, భర్తను బిలిపించి జరిగినదంతయు చెప్పెను. చదువరులారా, ఇచ్చట శ్రద్ధగా వినుడు. ఆ తండ్రియు భర్తయు ఆమెను తిట్టలేదు. తప్పు చేయునది మనస్సుగాని దేహము కాదనియు, ఇష్టములేని చోట దోషము లేదనియు ఓదార్చిరి. మన యిండ్లలో నీనాటికిని ఇంత మంచిమాట చెప్పువారు తక్కువ. ఆమె యేమనెను? తాను దోషమునుండి విముక్తురాల ననియు, శిక్షనుండి మాత్రము తన్ను దాను విడువజాల ననియు చెప్పి, వస్త్రములలో దాచిన కత్తితో బొడుచుకొని మరణించెను.

ఆమె శవమును జూచి ప్రజలు కోపించి రాజకుటుంబమును వెడలగొట్టిరి. రోమున రాజరిక మంతరించెను. కవులు, చిత్రకారులు వందలయేండ్లు ఆమెను గీర్తించిరి. ఈ కీర్తనమే మాకు భయము గలిగించునది. నిర్దోషి యని యెల్లరు నొప్పుకొనిన మనిషి తనకు మరణశిక్ష విధించుకొనగా, లోకము దానిని దుఃఖమని తలపక ఆదర్శమని తలచెను. తరువాత నట్టి యాపదకు గుఱియైన ప్రతి స్త్రీకిని ఆ కత్తి కొలతబద్ద యయినది.

క్రీ.శ. 410లో గాతులు రోమును గొల్లగొట్టినపుడు ఇది స్పష్టముగా బయటపడెను. ఆ సమయమున బలాత్కారమునకు గుఱియైన స్త్రీలు కొందఱు ప్రాణములు దీసికొనిరి. బ్రదికియున్నవారిని, ‘మీ రేల చావలేదు?’ అను చూపుతో లోకము చూచినది. ఉత్తరాఫ్రికాలోని హిప్పో పట్టణమున మతాచార్యుడైన అగస్టీను అపుడు వ్రాయ మొదలుపెట్టిన తన మహాగ్రంథమున ఈ స్త్రీలకై కొన్ని ప్రకరణములు వ్రాసెను. లుక్రీషియా తప్పు చేసినదైనచో ఆమెను పొగడుట యేల, చేయనిదైనచో ఆమెను చంపుట యేల యని ఆయన ప్రశ్న. చంపిన చేయి ఆమెదే యైనను, చచ్చినది నిర్దోషియే గదా! ఇంత సూటియైన ప్రశ్నను తొమ్మిదివందల యేండ్లు ఎవ్వరును గట్టిగా నడుగకపోవుట యాశ్చర్యము. ఆయన వ్రాతలో మాకు నచ్చని భాగమును గలదు. ఆమె మనస్సులో నేమున్నదోయని యొకచోట శంకించెను. ఆ శంక ఆయనకు తగదు. కాని, బ్రదికియున్న స్త్రీలతో మీకు శిక్ష అక్కఱలేదని చెప్పుట మాత్రము గొప్పపని.

మన కథలకు వత్తము. అశోకవనమున సీత తన దుఃఖమునకు కారణము వెదకుచు, పూర్వజన్మమున నేను చేసిన మహాపాప మెట్టిదో గదా యని విలపించినట్లు వాల్మీకి వ్రాసెను. ఎత్తుకొనిపోయినవాడు ఎదుటనే యున్నాడు. వానికి పది తలలు. అయినను ఆమె పాపమును తన జన్మాంతరమున వెదకుచున్నది. ఆమె దుఃఖములో నన్నది గనుక అర్థము చేసికొనవచ్చును. మాకు వింత గొలుపునది కథ చెప్పినవారి పని. మన పిల్లలందఱకును దెలిసిన లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణమున లేదు. అది తరువాతి కథలలో చేరినది. వాల్మీకి చెప్పిన సీత, సన్న్యాసి వేషమున వాకిటికి వచ్చినవానికి ఆసన మిచ్చి, అర్ఘ్యపాద్యము లిచ్చి, గృహిణి చేయవలసిన మర్యాద చేసెను. అంతకుమించి యేమియు చేయలేదు. అట్టి యామెకు ఆపద గలిగినదనిన వినువారి మనస్సునకు నిలుకడ చిక్కదు. అతిథిని గౌరవించుటయే ఆపద తెచ్చినచో, రేపు మన వాకిట నిలుచువాని మాట యేమి? కావున నొక గీత కావలసి వచ్చినది. ఆమె యా గీత దాటవలసి వచ్చినది. గీత గీచినంతనే వినువారి గుండె కుదుటబడెను: మేము దాటము, మాకేమియు గాదు. ఇప్పుడు ‘గీత దాటినది’ అనుట మన భాషలో జాతీయమే యయినది. రావణుని గుఱించి అంత పొట్టిదియు, అంత పదునైనదియు నగు జాతీయము మనకు లేదు.

ఆ గీతను మనస్సు ఏల గీచుకొనునో శాస్త్రజ్ఞులు విచారించిరి. 1974లో అమెరికాలోని బోస్టను నగరపు ఆసుపత్రియందు ఆన్ బర్గెస్ అను నర్సు విద్యావేత్తయు, లిండా హోల్మ్‌స్ట్రామ్ అను సమాజ శాస్త్రవేత్తయు బలాత్కార బాధితులైన 92 మంది స్త్రీలతో మాటలాడి తాము గనుగొన్నదానిని ప్రకటించిరి. ఆ స్త్రీలలో నన్నింటికంటె మిన్నగా నున్నది భయము. దాని వెంట నవమానము, కోపము, ఆత్మనిందయు నుండెను. అయిదేండ్లకు, 1979లో, రోనీ జానఫ్-బుల్మన్ అను విదుషి ఈ యాత్మనింద రెండు తెఱగులని చెప్పెను. ‘ఆ దారిని పోకుండవలసినది’ అనుట యొకటి. ‘నేనే యిట్టిదానను, నాకిట్లే జరుగును’ అనుట రెండవది. మొదటిదానిలో నొక యాశ దాగియున్నది. దారి మార్చుకొనినచో రేపు క్షేమమను ధైర్యము దానివలన గలుగవచ్చునని ఆమె యూహించెను. రెండవదానిలో ఆ దారియు మూసికొనిపోవును. మొదటి తెఱగు మేలు చేయునను నూహకు తరువాతి పరిశోధనలు అంతగా తోడ్పడలేదు. రెండును బాధను పెంచుచునే యున్నట్లు అనేక పరీక్షలలో దేలినది. అయినను ఆమె చూపిన కీలకము సత్యమని మాకు దోచుచున్నది. కారణములేని లోకములో బ్రదుకుటకంటె, తప్పుచేసిన మనిషిగా బ్రదుకుట మనస్సునకు సులభము.

పిల్లల విషయమున నిది మఱింత క్రూరమైనది. హంగరీ దేశపు వైద్యుడు ఫెరెంజీ 1932లో జర్మనీలోని వీస్‌బాడెన్ పట్టణపు సభలో నొక యుపన్యాస మిచ్చెను. పెద్దవానిచేత చెఱుపబడిన బిడ్డ, ఆ పెద్దవానికి కలుగవలసిన యపరాధభావమును తానే లోనికి దీసికొనునని ఆయన చెప్పెను. బిడ్డకు ఆ పెద్దవాడు కావలయును. ఆతడు చెడ్డవాడైనచో బిడ్డకు దిక్కులేదు. కావున తానే చెడ్డదానననుకొనును. సభలోని పెద్దలకు ఆ మాట రుచింపలేదు. మనకును రుచింపదు. కాని, ఒక పిల్ల యకస్మాత్తుగ చదువు మాని, తిండి మాని, తన చేతిని తానే గిల్లుకొనుచున్నచో, ‘ఏమి చేసితివే?’ యని యడుగుటకు ముందు ఫెరెంజీని తలచుకొనుట మంచిది.

చూచువారి మాట మొదటనే చెప్పితిమి. దానికి గూడ నొక పరీక్ష యున్నది. 1966లో మెల్విన్ లెర్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కొందఱు విద్యార్థినులకు ఒక దృశ్యము జూపెను. ఒక స్త్రీ పాఠమును తప్పు చెప్పినపుడెల్ల విద్యుద్ఘాతము పొందుచున్నట్లు నటించెను. చూచువారు అది నిజమని నమ్మిరి. ఆమె బాధను మాన్పు నవకాశము తమ చేతిలో నున్నపుడు వారు మాన్పిరి. ఆమెను గౌరవముగానే తలచిరి. ఆమె బాధ యింకను సాగుననియు, తాము చేయగలిగినది లేదనియు నెఱిగినవారు మాత్రము ఆమెను చులుకన చేయసాగిరి. సోదరీమణులారా, ఇందు మాకు దొరకినది గొప్ప సూత్రము. మన యిండ్లలోని సూటిపోటు మాటలన్నియు కాఠిన్యమునుండి పుట్టినవి కావు. చేయుటకు పని దొరకక పుట్టినవి యనేకములు.

ఈ నమ్మకముతోనే మే మా యుపాధ్యాయినితో వ్యవహరించితిమి. ‘మీ తప్పేమియు లేదు’ అని పదిమాఱులు చెప్పినను ఆమె తల యూచి వినిరేగాని లోనికి దీసికొనలేదు. అందుచేత నొకనాడు నాలుగు తెల్లకాగితములు, కలమును దీసికొనిపోయి, ‘అమ్మా, మొదటి ఫోను వచ్చిన గడియనుండి జరిగినదంతయు వరుసగా వేళలతో వ్రాయుడు, ఠాణాలో ఫిర్యాదుకు గావలయును’ అంటిమి. లెక్కల మనిషి గదా, వెంటనే యెడమవైపు వేళలు వేసి వ్రాయ మొదలుపెట్టిరి. వ్రాసినది మరల చదువుచు, వాడు చెప్పిన యబద్ధములకు ప్రక్కను గుర్తులు పెట్టిరి. పదునేడు లెక్కకు వచ్చినవి. అంతట ఆమె చాలసేపు ఆ కాగితమును జూచి, ‘ఇందులో నేను చెప్పిన యబద్ధ మొక్కటియు లేదమ్మా’ అనిరి. సొమ్ము తిరిగి రాలేదు. కాఫీ యింకను మానియే యున్నారు. పంకా మాత్రము వేసికొనుచున్నారు. కుమారుడు ఆ కాగితము చదివిన నాటినుండి మోతాదులు వేయుట మానెను. ఠాణాకు తల్లి వెంట తానే పోవుచున్నాడు.

డబ్బు నష్టమున నింత బాధ యుండగా, మానమునకు భంగము గలిగిన యువతి సంగతి చెప్పనేల? ఆమె తన్ను దాను నిందించుకొనుటకు మన చట్టము కూడ చిరకాలము తోడ్పడినది. 1872 నాటి సాక్ష్యచట్టమున, బలాత్కారపు విచారణలో ఫిర్యాదుచేసిన స్త్రీ శీలము మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యమును త్రోసివేయుట కొక నిబంధన యుండెను. అది 2002 చివర గాని తొలగింపబడలేదు. మహారాష్ట్రమున 1972లో నొక గిరిజన బాలిక పోలీసు ఠాణాలోనే చెఱుపబడగా, దేహముపై గాయములు లేవనియు, ఎదిరించిన జాడ లేదనియు చెప్పి సర్వోన్నత న్యాయస్థానము నిందితులైన పోలీసులను విడిచిపెట్టెను. దానిపై ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ కేల్కర్ అను నలుగురు న్యాయశాస్త్రోపాధ్యాయులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. దేశమంతట స్త్రీలు కదలిరి. 1983లో చట్టము మాఱెను. పోలీసుల యదుపులో నిట్టిది జరిగి, ఆమె తన కిష్టము లేదని చెప్పినచో, న్యాయస్థానము ఆ మాటను నమ్మి విచారణ సాగింపవలయునని యేర్పడెను. బాధితురాలి పూర్వచరిత్రను దెలిసికొను వంకతో వైద్యులు చేయుచు వచ్చిన ‘రెండు వ్రేళ్ల పరీక్ష’ చేయువారు దుష్ప్రవర్తన దోషులగుదురని 2022 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆమె పేరు ప్రకటించుటయు నేరమే. ఈ మార్పుల నన్నింటిని గలిపి చూచినచో నొక్కటే కనబడును: విచారింపబడవలసినది ఆమె కాదని చట్టము నెమ్మదిగ నేర్చుకొనుచున్నది. చట్టము నేర్చుకొనిన పాఠమును వంటయింటిలో మనము నేర్చుకొనుటకు మఱి యెన్నియేండ్లు పట్టునో!

శిక్షను గోరుట చెడ్డదని మేము చెప్పుటలేదు. ఇది పొరపాటుగా నర్థము చేసికొనరాదు. నిండుసభలో నవమానింపబడిన ద్రౌపది తన జన్మాంతర పాపమును వెదకుచు గూర్చుండలేదు. తన్నోడిన ధర్మరాజు అంతకుముందే తన్ను దానోడెనా యని సభను ధర్మసందేహ మడిగెను. దోషులు దండింపబడవలయునని కోరెను. కోరదగినవారు దండింపబడవలయునని కోరుటలో దోషమేమి? కాని అనేక గృహములలో దీనికి దలక్రిందులుగ జరుగుచున్నది. బాధితురాలు తనకు శిక్ష కోరును. నేరస్థునిపై ఫిర్యాదు చేయుమన్నచో, ‘పాపము, వానికిని పెండ్లాము బిడ్డలున్నారు, నా కర్మ యిట్లున్నది’ అనును. దీనిని క్షమాగుణమని పొగడుదురు. క్షమించుటకు ముందు తప్పెవరిదో నిర్ణయమగుట యవసరము. తప్పు తనదే యనుకొనుచు వానిని విడిచిపెట్టుటకు క్షమ యను పేరు చెల్లదు. పూర్వము నిందితుని విడుదల చేసిన తీర్పుపై బాధితులు స్వయముగ అప్పీలు చేసికొను హక్కు లేకుండెను. ప్రభుత్వము తలచుకొనినచో చేయును, లేనిచో లేదు. 2009 చివర అమలులోనికి వచ్చిన సవరణచేత ఆ హక్కు బాధితులకు లభించినది. ఆమె ఆ మెట్టువఱకు పోవునో మానునో ఆమె యిష్టము; బలవంతపెట్టుట మన పని కాదు. ఆ మెట్టున్నదని చెప్పుట మాత్రము మన పని.

ఇంటికి వచ్చి చెప్పినపుడు మొదట నడుగవలసినవి కొన్నియే యున్నవి. దెబ్బ తగిలెనా? ఏమైన తింటివా? వాడెవడు? నీవెంట నేను రానా? ‘ఎందుకు పోతివి?’ అను ప్రశ్నను రక్షకభటులకు, న్యాయవాదులకు విడిచిపెట్టుదము. వారు తప్పక యడుగుదురు, మనము కూడ నడుగ నక్కఱలేదు. ఆమె తిండి మానినచో వ్రతమనుకొని యూరకుండరాదు. తన్ను తిట్టుమని కోరినట్లు మాటలాడినచో ఆ కోరిక దీర్చరాదు. తిట్టిన రాత్రి ఆమె నిద్రించినను సరే.

నేరస్థుడు దొరకనేలేదు, మా మాట యెవరు నమ్ముదురని వెనుదీయువారు కలరు. వారికొఱ కీ సంగతి చెప్పవలసియున్నది. 2008 నాటి సవరణచేత చట్టమున బాధితుల పరిహార నిబంధన చేరినది. 2024 జులై 1 నుండి అమలులోనున్న క్రొత్త చట్టమునను అది నిలిచియున్నది. దాని ప్రకారము దేహమునకో మానమునకో హాని పొందిన బాధితురాలు, నేరస్థుడెవడో తెలియకపోయినను, విచారణయే జరుగకపోయినను, పరిహారమునకై జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ కార్యాలయము సాధారణముగ జిల్లా కోర్టు ఆవరణముననే యుండును. 1987 నాటి చట్టము ననుసరించి స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకయే అచ్చట న్యాయవాది సహాయ ముచితముగ లభించును. పోవునపుడు తోడు పోవువారొకరుండినచో మేలు.